ఒకే నంబరు మీద పదిహేడు ఊళ్ళు

నా ఉద్యోగం ఏమిటో మావాళ్ళకి ఎవరికీ ఇప్పటికీ అర్థం కాలేదు. మా చిన్నత్తయితే "పోనీలేవే, ఏదో ఒకటి, ఏసీలో కూర్చునేదేగా" అని తేల్చేసింది. దోహాలో, అల్ సద్‌లో, ఒక కన్సల్టెన్సీ ఆఫీసులో డాక్యుమెంట్ కంట్రోలర్ని. ప్రపంచకప్పు కోసం కడుతున్న స్టేడియాల్లో ఒకదాని డ్రాయింగులు మా దగ్గరికి వచ్చేవి. ఒక్కో డ్రాయింగుకి ఒక నంబరు. ఇంజినీర్లు మెట్లు జానెడు జరిపినా, గోడలో తలుపు పెట్టినా అదే నంబరు మీద కొత్త కాగితం దిగుతుంది. అది రాగానే పాతదాని మీద 'సూపర్‌సీడెడ్' అని, అంటే ఇక చెల్లదని, ఎర్ర ముద్ర కొట్టి పక్కన పడేయాలి. పాత కాగితం చూసుకుని సైటులో ఎవరైనా గోడ లేపేశారంటే, అది పడగొట్టించేదాకా మా ప్రాణాలు తోడేస్తారు. అందుకని కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే గట్టిగా చెప్పేదాన్ని, ఒక నంబరు మీద రెండు కాగితాలు తిరగకూడదని.

అలా వేలకొద్దీ కాగితాలు నా చేతుల మీదుగా పోయాయి. వాటిలో ఒక్క గీత నాది కాదు. అది తల్చుకున్నప్పుడల్లా నాకు మంట. నాకసలే కోపం ఎక్కువ, ఆ సంగతి నేనే చెబుతున్నాను, ఇంకెవరో చెప్పక్కర్లేదు.

ఆ మంటతోనే పీహెచ్‌డీ వదల్లేదు. పెళ్ళికి ముందు మా కోస్తాలోనే ఒక యూనివర్సిటీలో పార్ట్‌టైమ్‌గా చేరాను. తర్వాత పెళ్ళి, ఖతర్, ఉద్యోగం. ఏళ్ళు గడిచిపోయాయి. ఒక పొడిగింపు అయింది, రెండోదీ అయింది. మూడోది ఆరు నెలలు ఇచ్చి, ఇదే ఆఖరు అని కాగితం మీద రాసి మరీ పంపారు. ఆ లోపల థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అంటే అన్నేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే.

నా విషయం ఏమిటో చెబితే నవ్వేవాళ్ళే ఎక్కువ. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో ఒక నవలా రచయిత్రి. మొగుణ్ణి వదిలేసి వెళ్ళిపోయిన ఆడదాన్ని చెడ్డదాన్ని చేయకుండా నవల రాసింది. ఇంకేముంది, దేశమంతా గగ్గోలు. ఆవిడేమైనా తగ్గిందా అంటే, తగ్గలేదు. ఊరూరూ తిరిగి, హాళ్ళలో టిక్కెట్టు పెట్టి, ఆ నవల తనే చదివి వినిపించేది. లండన్ పేపర్లు ఆవిడని ఏమన్నాయో చాలామంది రాశారు. నాకు కావలసింది చిన్న ఊళ్ళ పేపర్లు. మన జిల్లా పేజీల్లాంటివి. సంతలో గొడ్ల ధర, చర్చిలో ప్రసంగం, ఎవరి కొట్టాంలో నిప్పంటుకుంది, వాటి మధ్యలో ఈవిడ. ఆ పాత పేపర్ల ఫోటోలు ఇంటర్నెట్టులో దొరుకుతాయి. డ్యూటీ అయ్యాక వంట చేసుకుని వాటి ముందు కూర్చునేదాన్ని.

మా ఆయన రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. నాలుగు రోజులకోసారి కంపెనీ బస్సు దిగి ఇంట్లోకి వస్తూనే "మీ దొరసాని ఎంతవరకు వచ్చింది?" అనేవారు. "ఇంకా ఊళ్ళు తిరుగుతూనే ఉందండీ" అనేదాన్ని. "ఆవిడ తిరిగి తిరిగి ఎప్పుడో పోయింది, నువ్వే ఇంకా దిగలేదు" అని నవ్వేవారు. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళి ఆ రోజుకి గిన్నెలన్నీ తోమేసేవారు. అది కూడా చెప్పాలి కదా.

నా థీసిస్ అంతా ఒక సంఘటన చుట్టూ తిరుగుతుంది. ఒక ఊళ్ళో ఆవిడ చదువుతుంటే మధ్యలో కొందరు లేచి హాల్లోంచి వెళ్ళిపోయారు. ఆ వార్త పదిహేడు ఊళ్ళ పేపర్లలో పడింది. ఒక్కో పేపర్లో ఏముందో చూసి, ఊరికొక పేజీ చొప్పున టైపు చేసుకున్నాను. అలవాటు ఊరుకుంటుందా? ప్రతి పేజీకీ కింద కుడి మూల మన డ్రాయింగుకున్నట్టే ఒక గడి గీసి, అందులో నంబరూ ఊరూ తేదీ వేశాను. ఒకటే వార్త కాబట్టి అన్నిటికీ ఒకటే నంబరు. ఊరి పేర్లని అక్షర క్రమంలో పేర్చి, పక్కన పెన్సిలుతో నోట్సు రాసుకుంటూ పోయాను.

ఆ అధ్యాయం మా గైడ్ గారికి పంపితే నాలుగు వారాల తర్వాత ఫోన్ చేశారు. ఆవిడ మాట నెమ్మది, దెబ్బ గట్టిది. "పదిహేడు పేపర్లు పదిహేడు రకాలుగా రాశాయన్నావు. సరేనమ్మా. అయితే ఏంటి?"

"అంటే మేడం, ఒక్కో ఊరి దృష్టి ఒక్కోలా..."

"ఆ ముక్క చెప్పడానికి పీహెచ్‌డీ ఎందుకు? ఇది అధ్యాయం కాదు, కత్తిరింపుల మూట. ఇందులో నువ్వు చెప్పేదేముందో అది చెప్పు. లేకపోతే నేను సంతకం పెట్టలేను. ఇంకా రెండున్నర నెలలే ఉంది, గుర్తుందా?"

గుర్తులేకపోవడమేం, అన్నం తింటున్నా అదే గుర్తు. ఫోన్ పెట్టేసి బాల్కనీలో నిలబడ్డాను. కింద మెట్రో కోసం రోడ్డంతా తవ్వి పెట్టారు. ఇన్నేళ్ళు తవ్వాక వాళ్ళకి కనీసం రైలు వస్తుంది, నాకేం వస్తుంది అనిపించింది. ఏడ్చాను కూడా. శుక్రవారం, ఇక్కడ సెలవు రోజు అదే, చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని దేవుడితో కాస్త గట్టిగానే మాట్లాడాను.

ఇక మా ఆఫీసులో డ్రాయింగులు ప్రింటు తీసే ఆయన సంగతి. జగిత్యాల వైపు మనిషి. మొదట సైటులో కూలీగా వచ్చి, ఎలాగో ప్లాటర్ పని నేర్చుకుని మా గదికి చేరాడు. ప్లాటర్ అంటే చాపంత కాగితాల మీద అచ్చు వేసే మిషను. పదో తరగతితో చదువు ఆగింది, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాడు. కానీ తేడాలు పట్టడంలో ఆయనంతటివాణ్ణి నేను చూడలేదు. డ్రాయింగులో ఎక్కడ మారిందో అక్కడ మబ్బులాంటి గీత చుట్టి పంపాలని రూలు. ఇంజినీర్లు బద్ధకించి చుట్టకుండా పంపితే ఈయన ఊరుకోడు. పాతదీ కొత్తదీ కిటికీ అద్దానికి ఆనించి, స్కేలు పెట్టి, లైను లైనూ చూసి, ఎర్ర పెన్సిలుతో తనే మబ్బు చుట్టేవాడు. "గీ మెట్టు జరిగింది మేడమ్, చెప్పలే వాళ్ళు" అనేవాడు. పెద్ద పెద్ద ఇంజినీర్లు వచ్చి ఆయన్నే అడిగి వెళ్ళేవారు. నేను మాత్రం ఆ గది గుమ్మంలో నిలబడి "అన్నా, ఇవి అర్జెంటు" అని కేకేసి వెనక్కి తిరిగేదాన్ని.

గైడ్ గారి ఫోన్ తర్వాత ఆ పదిహేడు పేజీలూ ఆఫీసుకి పట్టుకెళ్ళాను. నోట్సు చెరిగిపోతోంది, శుభ్రంగా కాపీలు తీయించుకుందామని. మా మేనేజరు అలాంటివి చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. గుమ్మంలోంచే కట్ట ఇచ్చి, "అన్నా, వీలున్నప్పుడు ఇవి కాస్త చూడండి" అని మీటింగుకి పరిగెత్తాను. కాపీ తీయమని చెప్పానా, చెప్పలేదా? చెప్పలేదు. 'చూడండి' అన్నాను. మా ఆఫీసులో ఆ మాటకి పాతవీ కొత్తవీ పోల్చి తేడాలు పట్టమని అర్థమని ఆ హడావుడిలో తోచలేదు.

మర్నాడు సాయంత్రం నా టేబుల్ మీద కట్ట ఉంది. పైన ఒక్క కాగితం మీదే ముద్ర లేదు. దాని కింద పదహారు కాగితాల మీదా అడ్డంగా, ఎర్రగా, సూపర్‌సీడెడ్, సూపర్‌సీడెడ్, సూపర్‌సీడెడ్. నా పెన్సిలు నోట్సు మీదుగా. పైగా పేజీల నిండా ఎర్ర మబ్బులు.

గుమ్మం దాకా ఎలా వెళ్ళానో తెలీదు.

"ఏం చేశారండీ ఇది! ఎవరు కొట్టమన్నారు ముద్రలు? నా ఇన్నేళ్ళ కష్టం ఇది! బుర్ర ఉండే చేశారా ఈ పని?"

ఆయన మిషను ఆపేశాడు. బిత్తరపోయి చూశాడు. "నంబర్ ఒక్కటే పెట్టిన్రు గద మేడమ్" అన్నాడు. "తేదీలు వేరే వేరే ఉన్నయి. ఒక్క నంబర్ మీద రెండు కాయితాలు తిరుగొద్దని మీరే చెప్తిరి. గందుకే లాస్టుది ఉంచి కడుమయిటికి కొట్టిన. చింపలే, అన్నీ ఉన్నయి."

నా రూలే, నేను గీసిన గడే, నేనేసిన నంబరే. నా మాట నాకే తగిలింది. కానీ కోపం వచ్చినంత తొందరగా పోదు కదా. "సర్లెండి" అని విసురుగా కాగితాలు లాక్కున్నాను.

వెనక్కి తిరుగుతుంటే ఆయన నెమ్మదిగా అడిగాడు. "ఒక్కటి అడుగుత మేడమ్, కోపం చేయకున్రి. ఫస్టు కాయితంల గీడ ట్రైన్ అని ఒక లైన్ ఉండె. రెండో దాంట్ల లేదు. గా లైన్ ఎటు పోయింది?"

"ఏ లైను?"

చూపించాడు. ఆయన కాగితాల్ని తేదీల వరసలో పెట్టాడు. నేను ఊళ్ళ పేర్ల వరసలో పెట్టుకున్నాను. మొదటిది ఆ చదువు జరిగిన ఊరి పేపరే. కొందరు లేచి వెళ్ళారని రాసి, పక్కూళ్ళకి ఆఖరి రైలు ఆ వేళకే కాబట్టి అని కూడా రాసింది. ఆ రైలు ముక్క నేను బోలెడన్నిసార్లు చదివాను. ఏదో టైముల గొడవలే అని వదిలేశాను. మూడు రోజుల తర్వాత పక్క ఊరి పేపరు ఆ వార్తే కత్తిరించి వేసుకుంది. అప్పట్లో చిన్న పేపర్లన్నీ అంతే, ఒకదాంట్లోది ఇంకొకటి కత్తిరించి అచ్చేసుకునేవి. వేసుకునేటప్పుడు, చోటు చాలకో ఏమో, రైలు లైను తీసేసింది. దాంతో రైలు కోసం లేచినవాళ్ళు కోపంతో లేచినట్టయింది. అక్కడ ఎర్ర మబ్బు.

మూడో దాంట్లో 'కొందరు' కాస్తా 'చాలామంది' అయింది. మబ్బు. ఆరో దాంట్లో సగం హాలు ఖాళీ. మబ్బు. తొమ్మిదో దాంట్లో ఆడవాళ్ళు మొహాలు కప్పుకుని పోయారు. పదమూడో దానికి వచ్చేసరికి కూరగాయలు విసిరారు! గోరంత కొండంత కావడం అంటారే, మెట్టు మెట్టుకీ కొలిచి చూపించినట్టు ఉంది. నేను ఒక్కో పేపర్నీ ఒక్కో ఊరి అభిప్రాయం అనుకున్నాను. ఆయన మొత్తాన్నీ ఒకే కాగితం మారుతూ వచ్చినట్టు చూశాడు. నిజానికి అది అదే.

నేను అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయాను. "అన్నా, మీకిది ఎలా తట్టింది?"

ఆయన నవ్వాడు. "మా తానగూడ గంతే మేడమ్." నిరుడు వాళ్ళ మండలం విలేకరి జిల్లా పేజీలో ఈయన ఫోటో వేశాడట, స్టేడియం పనిలో మన ఊరి బిడ్డ అని. పక్క మండలం పేపరు దాన్ని ఎత్తుకుని ఇంజినీరు అని వేసింది. వాట్సాప్‌లో అత్తగారి ఊరు చేరేసరికి స్టేడియం ఈయనే కట్టిస్తున్నాడు, అదీ దుబాయ్‌లో. "మా బామ్మర్ది ఫోన్ చేసి, బావా, జర నాకు గూడ ఒక వీసా తీయి అన్నడు. నేను మిషన్‌ల కాయితం పెడ్తనే, స్టేడియం పెట్టనన్న. నమ్మలే."

ఇద్దరం పగలబడి నవ్వాం. నా కోపం ఎటు పోయిందో పోయింది.

కానీ అసలు సంగతి చివరి నాలుగు కాగితాల్లో ఉంది. పద్నాలుగో దగ్గర్నుంచి మబ్బులు వెనక్కి నడుస్తున్నాయి. కూరగాయలు మాయం. మొహాలు కప్పుకోవడం మాయం. ఆఖరిదాంట్లో అయితే, మా ఊళ్ళో ఎవరూ లేవలేదు, విని చప్పట్లు కొట్టారు అని ఉంది. ఎందుకని? ఆ రాత్రి ఆవిడ ప్రయాణాల పట్టిక తీసి చూశాను. మొదటి ఊరు తర్వాత, ఈ పదిహేడింటిలో ఆవిడ స్వయంగా వెళ్ళింది ఆ నాలుగు ఊళ్ళకే. అక్కడి విలేకరులు హాల్లో కూర్చుని, ఆవిణ్ణి కళ్ళారా చూసి, చెవులారా విని, అరువు తెచ్చుకున్న పాత వార్తని దిద్ది రాశారు. చూడనివాళ్ళు కత్తెరతో రాశారు, చూసినవాళ్ళు కళ్ళతో రాశారు. చిన్న ఊళ్ళకి దురుద్దేశం లేదు, మనిషి ఎదురుగా రావాలి, అంతే. గైడ్ గారు అడిగిన 'అయితే ఏంటి'కి జవాబు నాకు దొరికింది. సంతోషం పట్టలేక, డ్యూటీలో ఉన్నారని తెలిసీ మా ఆయనకి ఫోన్ చేసి అరిచాను. "నా దొరసాని దిగిందండీ!"

"హమ్మయ్య, ఏ స్టేషన్లో?" అన్నారాయన.

రెండు నెలలు ఒళ్ళు దాచుకోకుండా రాశాను. రైలు లైను పోవడం మీదే నలభై పేజీలు రాశాను. గైడ్ గారు చదివి "ఇప్పుడు నువ్వు కనపడుతున్నావమ్మా" అన్నారు. ఆ మాటకి నేను మురిసిపోయిన మురిపెం ఇంతా అంతా కాదు. గడువుకి తొమ్మిది రోజుల ముందు థీసిస్ వెళ్ళింది.

వైవా నాటికి కరోనా వచ్చింది, అన్నీ కంప్యూటర్లోకి మారిపోయాయి. ఇంట్లో ఇంటర్నెట్టు నమ్మలేక ఆఫీసులో చిన్న మీటింగు గది అడిగి తీసుకున్నాను. ముందురోజు గైడ్ గారు జాగ్రత్త చెప్పారు. "బయటి యూనివర్సిటీ నుంచి పరీక్షించడానికి వచ్చే పెద్దాయన చాలా పట్టుదల మనిషి. ఈ పద్ధతి ఎక్కడిదని అడుగుతారు. పుస్తకాల పేర్లు చెప్పు. ఆఫీసు, ముద్రలు, ఆ గొడవ ఎత్తకు. తేలిగ్గా తీసుకుంటే మొత్తం తిప్పి పంపుతారు." తిప్పి పంపితే మళ్ళీ గడువు లేదు. సరే మేడం అన్నాను.

మర్నాడు అదే అడిగారు. "తేదీల వరసలో పెట్టి, ప్రతి మార్పుకీ గీత చుట్టారు. బావుంది. ఈ ఆలోచన మీకు ఎక్కడిది?"

పుస్తకం పేరు నాలిక మీద ఉంది. అద్దం తలుపు అవతల మా ప్లాటర్ ఆయన మాస్కు పెట్టుకుని డ్రాయింగు మడత పెడుతున్నాడు. అబద్ధం చెబుదామనే అనుకున్నాను, నిజం. నోరు రాలేదు.

"నాది కాదు సార్" అన్నాను. మొత్తం చెప్పేశాను. ముద్రలు, నా కేకలు, ఎటు పోయిందని ఆయన అడిగిన లైను, అన్నీ. స్క్రీన్ మీద గైడ్ గారు కళ్ళు మూసుకున్నారు.

పెద్దాయన థీసిస్ ముందుకు లాక్కున్నారు. పేజీలు తిప్పుతున్న చప్పుడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"కృతజ్ఞతల పేజీ నా ముందే ఉందమ్మా" అన్నారు. "గైడ్ గారికి చెప్పారు. భర్తకి చెప్పారు. అమ్మగారికి, చర్చికి, పాత పేపర్లు దాచిన లైబ్రరీకి చెప్పారు. ఈయన పేరు కనపడలేదు."

కావాలని వదిలెయ్యలేదు. అసలు తోచనే లేదు. అదే సిగ్గు.

"లేదు సార్."

"రెండో ఊరి పేపరు ఒక్క లైను వదిలేసిందని మీరు నలభై పేజీలు రాశారు" అన్నారాయన. కోపంగా కాదు, మామూలుగానే. "థీసిస్ చాలా బావుంది. నాకు అభ్యంతరం ఏమీ లేదు. ఆ పేజీ సరిచేసి పంపండి, నేను సంతకం పెట్టి పంపుతాను."

పాసయ్యాను. గైడ్ గారు శుభాకాంక్షలు చెబుతున్నారు, మా ఆయన ఫోను మోగుతోంది. నేను లేచి ప్లాటర్ గదికి వెళ్ళాను. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయాను.

"అన్నా, మీ పూర్తి పేరు చెప్పండి. రాసుకోవాలి."

ఆయన భయపడ్డాడు. "ఎందుకు మేడమ్? ఏమన్న తప్పయిందా?"

"తప్పు నాది. నా పుస్తకంలో మీ పేరు ఉండాలి, లేదు. ఇప్పుడు రాస్తాను."

పేరు చెప్పాడు. రాసుకుని, "ఇంటిపేరు?" అన్నాను. ఆయన చేతిలోని కాగితం కింద పెట్టాడు.

"ఇంటిపేరు గూడ రాస్తరా? ఈడికచ్చి పన్నెండేండ్లాయె మేడమ్. కార్డు మీదున్నదే గని, నోటితోని అడిగినోళ్ళు ఎవ్వరు లేరు."

ఆరేళ్ళుగా నాలుగడుగుల దూరంలో పనిచేస్తున్నాం. నేనూ అడగలేదు. ఆయన ఒక్కో అక్షరం చెబుతుంటే అక్కడి కంప్యూటర్లోనే టైపు చేశాను, ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు. ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన స్కేలు తెచ్చి లైను కింద పెట్టుకుని మొదటి అక్షరం నుంచి సరిచూడటం మొదలుపెట్టాడు. నేను స్టూలు లాక్కుని, ఆయన పక్కన కూర్చున్నాను.